చీపురు ఎవరు కొనాలి?

ముంబైలో వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ చుట్టుపక్కల మన తెలుగోళ్ల ఇండ్లల్లో రెండు తరాలు కనిపిస్తాయి. గిర్నీల్లో సాంచెల మీద పనిచేసిన తరం ఒకటి. ఆ గిర్నీలు మూతబడ్డాక అదే జాగాల్లో లేచిన ఆఫీసులను ఊడ్చి తుడిచే తరం ఇంకొకటి. నేను రెండో తరం దాన్ని. 1998లో హౌస్‌కీపింగ్ పనిలో చేరాను. 2011 నుంచి సొంతంగా చిన్న కాంట్రాక్టు నడుపుతున్నాను. ఇప్పుడు మా దగ్గర 14 మంది పనిచేస్తున్నారు. అందులో 11 మంది ఆడవాళ్లే, ఎక్కువ మంది మన చాళ్ల వాళ్లే.

ఈ పత్రికలో పిల్లల చదువుల గురించి, పింఛన్ల గురించి, ఊళ్లో భూముల గురించి చాలామంది రాస్తుంటారు. నేను నాకు తెలిసిన పని గురించి రాస్తాను. ఫినాయిలు, చీపుర్లు, మాపులు ఎక్కడ కొనాలి, ఎట్ల కొనాలి, అసలు ఆ కొనే మాట ఎవరి చేతిలో ఉండాలి అనేది నా విషయం. ఇదేం పెద్ద సంగతి అనిపించొచ్చు. కాని మా పెద్దవదిన ఊపిరితిత్తులు దీనివల్లనే పాడైనయి. మా 14 మంది పగార్లు ఒకసారి దీని దగ్గరనే చిక్కుబడ్డయి.

మా బాపు సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి వచ్చి లోయర్ పరేల్ గిర్నీ ఒకదాంట్లో సాంచెల ఖాతాలో పనిచేసిండు. ఇంటికొచ్చినంక గిర్నీ ముచ్చట్లు చెప్పేటోడు. ఒక మాట మాత్రం పదేపదే అనేటోడు: "నూలు మంచిగ లేకుంటే పోగులు తెగుతయి. పోగులు తెగితే బట్టల లోపం వస్తది. లోపం వస్తే కట్టింగు మన పగారులనే పడ్తది. ఆ నూలు కొన్నోడు మాత్రం పైన కుర్చీల చల్లగ కూసుంటడు." 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సమ్మె మొదలైంది. దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు గిర్నీల బయట నిలబడ్డారు. ఎంతోమందికి మళ్లీ పని దొరకలేదు. మా బాపుకూ దొరకలేదు. అమ్మ చాళ్లో డబ్బాలు కట్టి మమ్మల్ని సాకింది. బాపు మాట నాకు చీపురు పట్టినంక గాని పూర్తిగా అర్థం కాలేదు.

2006లో నేను, పెద్దవదిన ఒకే కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవాళ్లం. ఆయన సామాను సైకిల్ మీద తిరిగి అమ్మేవాళ్ల దగ్గర కొనేటోడు. క్యాన్ల మీద పేరు ఉండేది కాదు, తేదీ ఉండేది కాదు. స్టోరు రూములో వాటిని పాత నీళ్ల సీసాల్లో పోసి పెట్టేవాళ్లు. ఒకరోజు వదిన మగవాళ్ల టాయిలెట్ కడుగుతున్నది. సూపర్‌వైజరు చెప్పినట్టు ముందు హైపో పోసింది. మరక పోలేదు. "గా రెండో సీసల టాయిలెట్ లిక్విడ్ ఉన్నది, అది పొయ్యి" అని ఆయనే చెప్పిండు. అందులో ఉన్నది యాసిడ్.

హైపో మీద యాసిడ్ పడితే క్లోరిన్ గాలి లేస్తుంది. చిన్న రూము, కిటికీ లేదు. వదిన కేక విని పోయేసరికి గోడకు ఆనుకొని కూలబడి ఉంది. కండ్లు ఎర్రగ, నోట మాట లేదు. ఇద్దరం కలిసి ఈడ్చుకొని మెట్ల దగ్గర గాలికి కూసోబెట్టి, కండ్లు నీళ్లతో కడిగి, టాక్సీలో దవాఖానకు తీసుకుపోయినం. నాలుగు రోజులు ఉంచారు. ఆ నాలుగు రోజుల పగారు కాంట్రాక్టరు కోసేసిండు. వదిన బతికి బయటపడ్డది. కాని ఇప్పటికీ చలికాలం వస్తే రాత్రంతా దగ్గుతుంది. ఆ సీసాల్లో ఏముందో రాసి పెట్టి ఉంటే ఆ దగ్గు ఉండేది కాదు. రాయకపోవడానికి కారణం ఒక్కటే. కొన్నవాడు దాన్ని చేత్తో ముట్టడు.

2011లో ఆ కాంట్రాక్టరు పని వదిలిపెట్టి పోయిండు. ఒక బిల్డింగు వాళ్లు "మీరే మనుషుల్ని పెట్టి నడపండి" అని నన్ను అడిగారు. దాంట్లో రెండు పద్ధతులుంటాయి. మనుషుల్ని మాత్రమే మనం ఇచ్చి, సామాను వాళ్లు ఇచ్చేది ఒకటి. సామానుతో కలిపి నెలకింత అని మాట్లాడుకునేది ఇంకొకటి. తెలిసినవాళ్లంతా మొదటిదే మంచిది, తలనొప్పి ఉండదు అన్నారు. నేను రెండోదే తీసుకున్నా. అందులో లాభం తక్కువ, ఎదురుపెట్టుబడి ఎక్కువ. కాని క్యాన్‌లో ఏముందో నాకు తెలుస్తుంది.

రెండో నెలలోనే అక్కడి స్టోరు చూసే మనిషి పక్కకు పిలిచిండు. "బాయీ, బిల్లు పదివేలకు రాయించు, సామాను ఏడువేలకు తెచ్చుకో, మిగిలింది చెరిసగం" అన్నడు. కాదన్నాను. ఆ తర్వాత ఆరు నెలలు గేటు పాసు ఆలస్యం చేసిండు, సరుకు దింపే టైము మార్చిండు. చేసినన్ని రోజులు చేసి ఊరుకున్నడు. ఆ మూడువేలు తగ్గితే నీళ్లు కలిపిన ఫినాయిలు వస్తుంది, చిరిగే గ్లౌజులు వస్తాయి. దాని కట్టింగు మా ఆడవాళ్ల చేతుల మీద పడుతుంది. బాపు చెప్పిన నూలు కథే.

ఇక కొనడం సంగతికి వస్తాను. మొదట్లో నేనూ అందరిలాగే మసీద్ బందర్ పోయి హోల్‌సేల్ రేటుకు తెచ్చేదాన్ని. రేటు తక్కువే. కాని టెంపో కిరాయి, సగం రోజు పని, క్యాన్ కారితే తిరిగి తీసుకోకపోవడం ఇవన్నీ లెక్కేస్తే మిగిలేది పెద్దగా లేదు. ఆఖరికి మా పని జాగాకు పది నిమిషాల దూరంలో, సందులో ఉన్న ఒక కచ్ఛీ సేఠ్ దుకాణం పట్టుకున్నా. పేరుకు చిన్న దుకాణం. మాపు క్లిప్పు నుంచి వాక్యూమ్ సంచి దాకా ఉంటుంది. లేనిది రెండో రోజుకు తెప్పిస్తడు.

దుకాణం పట్టుకోవడానికి ముందు నాలుగు సంగతులు చూసిన. మీరూ చూసుకోండి.

మొదటిది క్యాన్ రేటు కాదు, బకెట్ రేటు చూడాలి. ఒక ఉదాహరణ చెప్తా. ఐదు లీటర్ల క్యాన్ 200 రూపాయలకు వస్తుంది అనుకోండి. దాన్ని లీటరు నీళ్లకు 100 మి.లీ. కలపాలి. అంటే 50 లీటర్ల నీళ్లు తయారైతాయి, లీటరుకు 4 రూపాయలు. ఇంకో క్యాన్ 600 రూపాయలు. దాన్ని 20 మి.లీ. కలిపితే చాలు. 250 లీటర్లు వస్తాయి, లీటరుకు 2 రూపాయల 40 పైసలు. మూడింతలు ఖరీదు అనిపించిందే నిజానికి చవక. కాని ఒక షరతు ఉంది. కొలగ్లాసు ఇవ్వాలి. కొలగ్లాసు లేకుండా అందాజుగ పోస్తే ఏ క్యానైనా వారం రోజులకు ఖాళీ, పైగా నేల జిగటగ అయితది, చర్మం మండుతది. మా సేఠ్ ప్రతి క్యానుకు ఒక కొలగ్లాసు ఊరికే ఇస్తడు.

రెండోది తేదీ. హైపో ఎండకు, వేడికి బలం కోల్పోతుంది. నెలల తరబడి ఎండలో ఉన్న క్యానులో వాసన మాత్రమే మిగులుతుంది. కరోనా కాలంలో పెద్ద డ్రమ్ములు కొని వరండాలో పెట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. అవి చివరికి ఎంత పనిచేశాయో చెప్పలేం. దగ్గర దుకాణం ఉంటే పది రోజులకు సరిపడే తెచ్చుకోవచ్చు. నల్ల క్యానులో, నీడలో పెట్టుకోవచ్చు.

మూడోది యాసిడ్. 2013లో సుప్రీంకోర్టు యాసిడ్ అమ్మకం మీద కట్టుదిట్టం చేసింది. కొన్నవాళ్ల పేరు, అడ్రసు, ఎందుకు కొంటున్నారో దుకాణదారు రిజిస్టరులో రాయాలి, గుర్తింపు కార్డు చూడాలి. 18 ఏండ్ల లోపు వాళ్లకు అమ్మకూడదు. రిజిస్టరు పెట్టిన దుకాణం అంటే మిగతా విషయాల్లోనూ లెక్క ఉన్న దుకాణం అని నా అనుభవం. మేం ఇప్పుడు యాసిడ్ దాదాపు మానేసినం. పాలరాయి మీద, కోటారాయి మీద యాసిడ్ పడితే మెరుపు చచ్చిపోతుంది, రాయి తింటుంది. మళ్లీ పాలిష్ చేయించే ఖర్చు మన నెత్తినే పడుతుంది.

నాలుగోది బిల్లు. జీఎస్టీ నంబరున్న పక్కా బిల్లు తీసుకోవాలి. కచ్చా చీటీ మీద నాలుగు రూపాయలు తగ్గుతాయి నిజమే. కాని కంపెనీ ఆడిట్‌కు అడిగినప్పుడు ఆ చీటీ పనికిరాదు. సరుకులో తేడా వచ్చినప్పుడు అడిగే హక్కు కూడా ఉండదు.

ఇవన్నీ నేను చూసుకునేవి. వీటికన్నా ముఖ్యమైంది మా ఆడవాళ్లు చూసేది. కొత్త సామాను ఏది వచ్చినా ముందు ఒక్కటే తెస్తా. వారం రోజులు ఇద్దరు ముగ్గురు వాడుతారు. తర్వాత టీ తాగేటప్పుడు మాట్లాడుకుంటాం. మాపు విషయంలో ఇట్లనే అయింది. బరువైన నూలు మాపు నీళ్లు బాగా పీలుస్తుంది, అమ్మేవాళ్లంతా అదే గొప్ప అంటారు. "గది తడిస్తె బిందె మోసినట్టున్నది అక్కా, పిండేటాలకు మణికట్టు పోతున్నది" అన్నది మా చిన్నమ్మాయి ఒకామె. తేలిక మాపు, పిండే మరతో ఉన్న రెండు బకెట్ల ట్రాలీ తీసుకున్నం. ఒక బకెట్‌లో మందు నీళ్లు, ఒక బకెట్‌లో మురికి నీళ్లు. మణికట్ల నొప్పులు తగ్గినయి.

గ్లౌజుల సంగతి ఇంకా విచిత్రం. ఇదివరకు కంపెనీలు పెట్టెలకు పెట్టెలు కొని ఇచ్చేవి, అన్నీ పెద్ద సైజువే. మన ఆడవాళ్ల చేతులకు అవి సంచుల్లాగ వేలాడుతాయి. చీపురు జారుతుంది, మందు లోపలికి పోతుంది. అందుకే తీసి పక్కన పెడతారు. "మీ వాళ్లు గ్లౌజులు వేసుకోరు, చదువు లేదు" అని ఒక మేనేజరు నాతోనే అన్నడు. చదువుతో పని లేదు, సైజుతో పని. మా సేఠ్‌కు మా 11 మంది సైజులు ఒక కాగితం మీద రాసిచ్చిన. చిన్న సైజు, మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు తెప్పించిండు. ఇప్పుడు వేసుకొమ్మని ఎవరికీ చెప్పనవసరం లేదు.

బట్టలకు రంగులు పెట్టుకున్నం. ఎర్రది టాయిలెట్‌కు, పసుపుది వాష్‌బేసిన్లకు, నీలిది టేబుళ్లకు, పచ్చది క్యాంటీన్‌కు. పెద్ద హోటళ్లలో, దవాఖానల్లో కూడా ఇట్లనే వాడుతారు. చదవడం రాని వాళ్లకు కూడా రంగు తెలుస్తుంది. క్యాన్ల మీద మాత్రం నేనే తెలుగులో, మరాఠీలో పేరు రాసి అంటిస్తా. యాసిడ్ ఉన్న మందులకు ఎర్ర గీత. హైపోకు నీలి గీత. ఎర్ర గీత, నీలి గీత ఎన్నడూ ఒక దగ్గర కలవొద్దు అని కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ మా పెద్దవదినే చెప్తుంది. ఆమె చెప్తే వేరే చెప్పనక్కర లేదు. మార్కెట్లో దొరికే చాలా టాయిలెట్ క్లీనర్లలో కూడా యాసిడే ఉంటుంది. అక్కలారా, ఇండ్లల్లో కూడా ఈ సంగతి యాదుంచుకోండి.

దుమ్ము తుడిచే బట్టకు మాత్రం మా దుకాణం షోలాపూర్. అక్కడ మన తెలుగోళ్లు నేసే టెర్రీ టవళ్లు తెలియనివాళ్లెవరు? అంచు వంకర పోయినవి, రంగు తప్పినవి కిలో లెక్కన అమ్ముతారు. మా మేనమామ కొడుకు ద్వారా మూడు నెలలకోసారి ఒక మూట తెప్పిస్తా. కొత్త టవలు నీళ్లు పీల్చదు, ముందు రెండుసార్లు వేడినీళ్లతో ఉతకాలి. ఆ తర్వాత దానికి సాటి లేదు. బంధువైనా తూకం తూకమే, బిల్లు బిల్లే. ఒకసారి మూటలో రెండు కిలోలు తక్కువ వస్తే ఫోన్ చేసి చెప్పిన. తర్వాతి మూటలో కలిపి పంపిండు. ఇప్పటికీ పెండ్లిళ్లకు పిలుచుకుంటున్నం.

మెషీన్ల విషయం కొంచెమే చెప్తా. 17 అంగుళాల నేల రుద్దే సింగిల్ డిస్క్ మెషీన్, నీళ్లు కూడా పీల్చే వాక్యూమ్ మాకు వారానికి రెండుసార్లే కావాలి. మొదట్లో కిరాయికే తెచ్చినం. కిరాయి సొమ్ము, కొంటే పడే నెల కిస్తీ సమానమయ్యే దాకా కొనొద్దు అని సేఠే చెప్పిండు. కొన్నాక వాక్యూమ్ మోటరులో కార్బన్ బ్రష్షులు అరిగినయి. మధ్యాహ్నం ఫోన్ చేస్తే సాయంత్రానికి మనిషి వచ్చి మార్చిండు. ఫోన్‌లో తక్కువ రేటుకు దొరికే మెషీన్లు చాలా ఉన్నాయి. ఆగిపోయిన రోజు ఎవరొస్తారో చూసుకొని కొనాలి.

ఇంత చేసినా 2024 మొదట్లో గట్టి దెబ్బ తగిలింది. ఒక ఆఫీసు వాళ్లు మూడు నెలల బిల్లు ఆపేశారు. పైవాళ్ల సంతకం కావాలన్నారు, సిస్టమ్ మారిందన్నారు. ముందు పగార్లు ఇవ్వాలి, అది ఆగకూడదు. నా మెడలో గొలుసు కుదువ పెట్టి రెండు నెలలు నడిపించిన. సేఠ్ దుకాణంలో బాకీ 70 వేలు దాటింది. ఆయన ఒక్కరోజు కూడా సరుకు ఆపలేదు. కాని ఒక సాయంత్రం మెల్లగా అన్నడు: "బహెన్, నా వెనక కూడా ఒక హోల్‌సేల్ సేఠ్ ఉన్నడు." ఆ మాటకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా అక్క కొడుకు అకౌంటెంటు దగ్గర పనిచేస్తడు. వాడు అడిగిండు, "చిన్నమ్మా, నీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్నదా?" అని. ఉన్నది. 2021లో ఆధార్, పాన్ పెట్టి ఉచితంగ చేయించుకున్నదే. అప్పుడు వాడు చెప్పిన సంగతి మనవాళ్లందరూ తెలుసుకోవాలి. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం మన లాంటి చిన్న కాంట్రాక్టరుకు కొన్నవాళ్లు రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, ఒప్పందం లేకుంటే 15 రోజుల్లో డబ్బులివ్వాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. సర్కారు పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. దీనికి తోడు 2023–24 లెక్కల సంవత్సరం నుంచి ఇంకో నియమం వచ్చింది. గడువులోపల ఇవ్వని సొమ్మును కంపెనీలు ఆ ఏడు ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపించుకోలేవు, ఇచ్చిన ఏడే చూపించుకోవాలి.

వాడితో ఒక ఉత్తరం రాయించిన. బెదిరింపు ఏమీ లేదు. బిల్లు తేదీలు, ఉద్యమ్ నంబరు, చట్టం మాట, అంతే. మార్చి నెల, వాళ్ల లెక్కలు ముగిసే కాలం. పదకొండో రోజుకు మొత్తం వచ్చింది. గొలుసు విడిపించడానికి ముందు సేఠ్ బాకీ కట్టిన. ఎందుకంటే ఆ చట్టం సేవలు చేసేవాళ్లకు, వస్తువులు తయారుచేసేవాళ్లకు. కొని అమ్మే వ్యాపారికి ఆలస్యం మీద ఆ రక్షణ లేదని అక్క కొడుకే చెప్పిండు. నాకు చట్టం ఉన్నది, ఆయనకు నా మాట తప్ప ఏమీ లేదు.

అదే ఆఫీసు వాళ్లు తర్వాత కొత్త మాట తెచ్చారు. సామాను ఇక మీదట పెద్దాఫీసు నుంచే అన్ని ఊళ్లకు ఒకేసారి కొంటారట, మాది మనుషుల కాంట్రాక్టు మాత్రమేనట. నేను కాదనలేదు. రెండు అంతస్తులు మీ సామానుతో, రెండు అంతస్తులు మా సామానుతో 15 రోజులు చేద్దాం, ఖర్చు రాసుకుందాం అన్నా. ఒప్పుకున్నారు. టిష్యూ కాగితం, చేతులు కడిగే సబ్బు, చెత్త సంచులు వాళ్లవే చవక పడ్డయి. మందుల దగ్గర మాది చవక పడ్డది, గ్లౌజుల దగ్గర వాళ్లది మళ్లీ పెద్ద సైజే వచ్చింది. ఆఖరికి మందులు, గ్లౌజులు, మాపులు మా చేతికి వదిలారు. మిగతావి వాళ్లు కొంటున్నారు. నెలకు నాకు వచ్చే మిగులు కొంత తగ్గింది. మా వాళ్ల చేతికి తగిలేవన్నీ మాత్రం మా దగ్గరే ఉన్నాయి.

మన ఇండ్లల్లో చాలామంది ఇప్పుడు ఇదే పనిలో ఉన్నారు. ఆఫీసుల్లో, స్కూళ్లల్లో, దవాఖానల్లో. అందరూ కాంట్రాక్టర్లు కానక్కర లేదు. మీకిచ్చే సీసా మీద పేరు లేకుంటే అడగండి. గ్లౌజులు పట్టకుంటే సైజు చెప్పండి. ఒక్కరు అడిగితే "నీకెందుకు" అంటారు. ఎనిమిది మంది అడిగితే రాసుకుంటారు. చిన్న పని నడిపేవాళ్లు ఉద్యమ్ చేయించుకోండి, పైసా ఖర్చు లేదు. దగ్గరున్న దుకాణంతో లెక్క సాఫుగ పెట్టుకోండి. ఇచ్చిన తేదీకి కట్టండి.

షోలాపూర్ టవళ్ల మూట ఈ నెల 20కి వస్తుంది. మా అవసరానికి మించి ఆరేడు కిలోలుంటాయి. వర్లీ, ప్రభాదేవి వైపు ఎవరికైనా కావాలంటే ఈ పత్రిక ఇచ్చే పిల్లగానికి చెప్పండి. పడ్డ రేటుకే ఇస్తా.